నేస్తం కొడుక్కి నేను చెప్పిన కాలేజీ

మొన్న ఆదివారం మా మనవరాలు రెండు కాలేజీల దరఖాస్తు ఫారాలు పట్టుకొచ్చి, నా పడక కుర్చీ చేతుల మీద చెరొకటి పెట్టి, బి.ఏ.లో చరిత్ర తీసుకుందామనుకుంటున్నాను, ఈ రెండింట్లో ఏది మంచిదో నువ్వు చెప్పు తాతయ్యా, నువ్వెలా అంటే అలాగే అంది. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసినవాణ్ణి, నోరు తెరిస్తే మూయడని ఇంటిల్లిపాదీ ఆడిపోసుకునేవాణ్ణి, ఆ పూట మాత్రం కళ్ళజోడు కనబడనట్టు నటించి, మీ నాన్నని అడగమ్మా అని తప్పించుకున్నాను. పిల్ల చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. నాకేదో ఒంట్లో బాగాలేదనుకుని మా కోడలు మిరియాల కషాయం కాచి ఇచ్చింది, అదీ నోరు మూసుకుని తాగాను. ఒక పిల్లవాడికి కాలేజీ ఎంచి పెట్టిన ఘనకార్యం నేను ఒకసారి చేసి ఉన్నానని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నా ఈడువాళ్ళు నలుగురైనా ఇది చదువుతారనీ, ఇంట్లో చెప్పుకోలేని సంగతి ఇలాంటిదే ఒకటి వాళ్ళకీ ఉండకపోదనీ, ఆ ధైర్యంతో రాస్తున్నాను.

ఇరవై రెండో ఏట, ఇంటర్మీడియెట్‌లో తర్కశాస్త్రం రెండుసార్లు తప్పి, ఇక మూడోసారి కట్టించే ఓపిక మా నాన్నగారికి లేక, అరకు లోయలో ఒక బోర్డు బడికి మేష్టరుగా వెళ్ళాను. ఏజెన్సీ ఉద్యోగమంటే ఆ రోజుల్లో శిక్ష వేసినట్టే లెక్క. శృంగవరపుకోట దాటాక ఘాటీ రోడ్డు మీద ఎడ్లబండి ప్రయాణం, అనంతగిరి దగ్గర దొరల కాఫీ తోటల పక్కన ఒక మజిలీ, ఆ తర్వాత మంచు, చలి, అన్నిటికీ మించి మన్యం జ్వరం. నాకు ముందు వెళ్ళిన మేష్టరు మూడు నెలలకే దిగిపోయాడట, ఆయనకు ముందాయన అసలు దిగనే లేదట. మా అమ్మ ఒక సీసా నిండా క్వినైను బిళ్ళలు, ఒక జాడీ నిండా ఊరగాయ ఇచ్చి, కొండవాళ్ళ ఇళ్ళల్లో పచ్చి మంచినీళ్ళు ముట్టనని ఒట్టు వేయించుకుని మరీ పంపింది. మా ఇంట్లో మడీ ఆచారం ఎంత గట్టివో మన తరంవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఒట్టు నాలుగు నెలలు నిలబడింది. వానాకాలం జ్వరం తగిలి బడి పక్క పాకలో ఒంటిగా పడి ఉంటే, ఆ ఊరి రైతు ఒకాయన, మా బడికి వచ్చే పదేళ్ళ కుర్రాడి తండ్రి, నన్ను దుప్పట్లో చుట్టి భుజానేసుకుని వాళ్ళింటికి మోసుకుపోయాడు. పదమూడు రోజులు ఆ ఇంటి అరుగు మీద ఉన్నాను. ఆయన భార్య చోడి అంబలి, అంటే మన రాగి అంబలే, కాచి, అడ్డాకు దొప్పలో పోసి, పసివాడికి పట్టినట్టు పట్టేది. కళ్ళు తెరిచి చూసేసరికి మా అమ్మకిచ్చిన మాట ఎప్పుడో జారిపోయింది. నిజం చెప్పాలంటే నాకు విచారమేమీ కలగలేదు, ఆకలి వేసింది.

ఒళ్ళు కుదుటపడ్డాక ఆయన నాతో నేస్తం కడతానన్నాడు. కొండల్లో నేస్తరికం అంటే మనం కాఫీ హోటల్లో చేసుకునే స్నేహం లాంటిది కాదు. ఊరందరి ముందూ ఒకరికొకరు బట్టలు పెట్టుకుని, ఒకే ఆకులో ఇద్దరూ అన్నం తినాలి. ఆ పూట నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు, చచ్చేదాకా నేస్తం అనే పిలుచుకోవాలి. ఒకరి తల్లి రెండోవాడికీ తల్లే, ఒకరి పిల్లలు రెండోవాడికీ పిల్లలే. మాట తప్పితే, తప్పినవాడు పెద్దల ఎదుట కోడినీ ధాన్యాన్నీ తెచ్చి తప్పు కట్టుకోవాలి, కట్టుకోకపోతే నేస్తం తెగినట్టే, అలా తెగించుకున్నవాడికి ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో విలువ ఉండదు. నేను ఆ ఆకులో చెయ్యి పెట్టాను. ఆ రోజు నుంచి ఆ కుర్రాడు నన్ను బడిలో మేష్టారూ అనీ, బడి దాటగానే సిన్నాన్న అనీ పిలిచేవాడు. ఈ సంగతి మాత్రం ఇంటికి రాసే ఉత్తరాల్లో ఏనాడూ రాయలేదు. వాన గురించి రాశాను, పులి గురించి లేనిపోనివి కల్పించి రాశాను, నేస్తం గురించి ఒక్క ముక్క రాయలేదు.

కుర్రాడు చురుకైనవాడు. లెక్కలు అంతంత మాత్రమే గాని, ఏదైనా కథగా చెబితే మళ్ళీ అడిగినప్పుడు ఒక్క పేరు పొల్లు పోకుండా అప్పజెప్పేవాడు. మా బడిలో చదువు అయిపోయాక పార్వతీపురంలో మిషన్‌వాళ్ళ బోర్డింగులో ఉండి హైస్కూలు చదివాడు. సెలవులకి వచ్చినప్పుడల్లా ముసలివాళ్ళ దగ్గర కూర్చుని, ఈ కొండల మీదికి ఎవరు ముందొచ్చారు, ఎవరి దగ్గర ఎవరు భూమి తీసుకున్నారు అని అడిగి అడిగి నోట్సు పుస్తకంలో రాసుకునేవాడు. పదిహేడో ఏట స్కూలు ఫైనలు గట్టెక్కాడు. ఆ చుట్టుపక్కల అంతటికీ అతనే మొదటివాడు. ఊళ్ళో డప్పులు వాయించారు. ఆ డప్పుల్లో సగం నాకే అనుకుని మీసం దువ్వుకున్నాను, అప్పట్లో నాకు మీసం ఉండేది.

అప్పుడు వచ్చింది ఈ కాలేజీ గొడవ. అతనికి రెండు చోట్ల సీటు వచ్చింది, రెండూ ఆర్ట్సు చదువులకి పేరున్నవే, రెండు చోట్లా కొండ పిల్లవాడికి ఫీజు లేదు. ఒకటి సముద్రం ఒడ్డు పట్నంలో మిషనరీలు నడిపేది, హైస్కూలు హెడ్మాస్టరు గారు రాసిన ఉత్తరం మీద హాస్టల్లో తిండితో సహా ఇస్తామన్నారు. రెండోది మైదానంలో ఒక జమీందారు గారు పెట్టినది, నేను చదివి తప్పినది. దానికి హాస్టలు లేదు, మనవాళ్ళ పిల్లలు సత్రంలోనో చుట్టాల ఇళ్ళల్లోనో తిని చదువుకునేవాళ్ళు. ఆ ఊళ్ళోనే మా అక్కయ్య కాపురం. మా బావగారు కోర్టులో గుమాస్తా.

నేస్తం ఇంటి అరుగు మీద కూర్చున్నాం, ముగ్గురమూ. కుర్రాడు మిషన్ కాలేజీ వాళ్ళు పంపిన చిన్న పుస్తకం తీసి, అందులో ఒక ఫొటో నాకు చూపించి, ఆడ అందరూ ఒక్క బంతిన కూకుని తింతారట సిన్నాన్న, అని మాత్రం అన్నాడు. ఆ పిల్లవాడి మనసు ఎటు ఉందో గుడ్డివాడికైనా తెలిసేది. నేను గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టాను. చరిత్ర ఎక్కడ బాగా చెబుతారు, తర్కశాస్త్రం చదివితే బుద్ధి ఎలా పదునెక్కుతుంది (చెబుతున్నది ఎవరో గమనించండి), మిషన్‌వాళ్ళ దగ్గరికి పంపితే మతంలో కలిపేసుకుంటారు, ఇలా గంటసేపు వాయించాను. ఆరేళ్ళు వాళ్ళ బోర్డింగులో ఉన్నవాణ్ణి ఎవరూ కలుపుకోలేదన్న సంగతి నాకు తెలుసు. కాని వాళ్ళ కాలేజీలో బి.ఏ. చదివితే ఆ పేరు వాళ్ళకి పోతుంది, నేను చదివిన చోట చదివితే నాకు వస్తుంది. మనసులో ఉన్న లెక్క అదీ. ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

నేస్తం నా ఉపన్యాసం అంతా ఓపిగ్గా విన్నాడు. అందులో ఒక్క ముక్క ఆయనకి పట్టలేదు. కొండవాళ్ళు బిడ్డని కొత్త ఊరు పంపేటప్పుడు అక్కడ తమవాళ్ళ పొయ్యి ఉందా లేదా అన్నదొక్కటే చూస్తారు, సొంత చుట్టం లేకపోతే నేస్తం తాలూకు మనిషైనా ఉండాలి. చుట్ట ఆర్పి పక్కన పెట్టి, "ఆ రెండూళ్ళల్ల మనోళ్ళ పొయ్యి ఏ ఊర్ల ఉన్నాది నేస్తం?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోగానే ఆయనకే గుర్తొచ్చి మొహం విప్పారింది. "మీ అక్క ఉన్నాది గదా ఆ కాలేజీ ఊర్ల! మరింకేటి, గుంటడికి మేనత్తే గదా!" అన్నాడు.

ఆయన లెక్కలో పొరపాటు లేదు. ఆ కొండల్లో ఏ ఊరెళ్ళి అడిగినా అలాగే చెబుతారు, నేస్తం అక్క నీకూ అక్కే, నీ కొడుక్కి మేనత్తే. పొరపాటల్లా ఆ లెక్కని కొండ దింపి మా ఇంటిదాకా తీసుకుపోవడంలోనే ఉంది. అది తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. అప్పుడు నేను చెప్పవలసింది ఒక్కటే మాట. మా అక్క నీ కొడుకుని గుమ్మం దాటనివ్వదు నేస్తం, నేను మీ ఇంట్లో తిన్నానని తెలిస్తే నన్నూ దాటనివ్వదు, అని. పదమూడు రోజులు అంబలి పట్టిన ఆవిడ తలుపు దగ్గర నిలబడి నవ్వుతోంది. అవును, మేనత్తే, అన్నాను. కుర్రాడు ఆ పుస్తకం మూసి చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఎదురు చెప్పలేదు, తండ్రి నేస్తం మాటకి కొండల్లో పిల్లలు ఎదురు చెప్పరు.

ఆ వారంలోనే అక్కయ్యకి ఉత్తరం రాశాను. ఏమని రాయను? నేస్తం కొడుకని రాయలేను, మేనల్లుడని అసలే రాయలేను. నా శిష్యుడొకడు కాలేజీ చదువుకి వస్తున్నాడు, కొండ పిల్లవాడైనా బుద్ధిమంతుడు, దొడ్లో ఎక్కడైనా పడుకుంటాడు, రెండు పూటలా ఇంత పెట్టు అని రాశాను. అది కూడా చాలదేమో, అక్కయ్య ఒప్పుకోదేమోనని భయపడి, చివర్న ఇంటిపనికి నీకు చేదోడుగా కూడా ఉంటాడు అని ఒక వాక్యం చేర్చాను. నా జీవితంలో నేను రాసిన వాక్యాలన్నిటిలోనూ ఫలితం ఇచ్చినది అదొక్కటే. తిరుగు టపాలో పంపించమని జవాబు వచ్చింది.

కుర్రాడు వెళ్ళాడు. వాళ్ళమ్మ మేనత్తకి ఇమ్మని అడవి తేనె ఒక బుడ్డి, పిప్పళ్ళు, రెండు పనసపళ్ళు కట్టి పంపింది. అతని నుంచి నాకు రెండు ఉత్తరాలు వచ్చాయి, రెండింట్లోనూ క్షేమమనీ, పాఠాలు బాగున్నాయనీ ఉంది. నేను వాటిని నేస్తానికి చదివి వినిపించి, మధ్యలో నా సొంత వాక్యాలు కూడా కలిపాను.

దసరా సెలవులకి కొండ దిగి అక్కయ్య ఇంటికి వెళ్ళాను. పొద్దున్న పది గంటలు, కాలేజీకి సెలవులివ్వడానికి ఇంకా రెండు రోజులుంది. దొడ్డి దారిన వెళితే కుర్రాడు ఆవుని కడుగుతున్నాడు. నన్ను చూడగానే చేతులు పంచెకి తుడుచుకుని, మొహమంతా నవ్వై, సిన్నా అని పిలవబోయి, నా వెనకాల గుమ్మంలోకి వచ్చిన అక్కయ్యని చూసి ఆగి, "మేష్టారూ, ఎప్పుడొచ్చేరు" అన్నాడు. నేను అతన్ని దగ్గరకు తీసుకోలేదు. ఇప్పుడే, అన్నాను. అక్కయ్య ఎంతో సంతోషంగా, నువ్వు రాసినట్టే చాలా చేదోడుగా ఉన్నాడురా, కట్టెలు కొడతాడు, ఆవుని చూస్తాడు, మీ బావగారి కాగితాల పెట్టె కోర్టుదాకా మోసుకెళ్ళి ఆ తర్వాతే కాలేజీకి పోతాడు, నోట్లో నాలుక లేదు పాపం, అంది. మా అక్కయ్య దుర్మార్గురాలు కాదు. నేను రాసింది చదువుకుని, రాసినట్టే నడుచుకుంది. కోర్టుదాకా మోస్తే కాలేజీలో మొదటి రెండు గంటలూ పోతాయని ఆవిడకి తెలియదు. ఆ రెండు గంటల్లోనే చరిత్ర అని నాకు తెలుసు, టైము టేబిలు నేనే అడిగి తెలుసుకున్నాను.

ఆ పూట నాకు లోపల పీట వేసి వెండికంచంలో వడ్డించారు. దొడ్లో పశువుల పాక వారగా అతనికి ఆకు వేశారు. మధ్య గదిలోంచి చూస్తే కనబడుతుంది, నేను చూశాను, అతనూ చూశాడు. ఏడేళ్ళు వాళ్ళ ఇంట్లో అతని పక్కన కూర్చుని తిన్న చెయ్యి ఇది. కంచం తీసుకుని బయటికి వెళ్ళి కూర్చుంటే ఏమయ్యేది? అక్కయ్య ఏడ్చేది, బావగారు అరిచేవారు, మా అమ్మ ప్రాయశ్చిత్తం చేయించేది. చచ్చిపోయేవాణ్ణి కాదు. అక్కయ్య ఇంకొంచెం నెయ్యి వేసింది, కలుపుకుని తిన్నాను.

తిరిగి వెళ్ళేటప్పుడు బండ్ల దగ్గరిదాకా నా సంచీ అతనే తెచ్చాడు. దారంతా ఏదో అనాలని, మిషన్ కాలేజీకి రాసి చూద్దామా అనాలని నాలిక చివరిదాకా వచ్చింది. అంటే నేను తప్పు ఒప్పుకున్నట్టవుతుంది, కొండ మీద నేస్తానికి కారణం చెప్పాల్సి వస్తుంది. బాగా చదువుకో, అన్నాను. అలాగే మేష్టారూ, అన్నాడు. ఆ తర్వాత అతని నోట సిన్నాన్న అన్న మాట నేను వినలేదు.

వలిసె చేలు పూసి కొండవాలంతా పసుపు పరిచినట్టు ఉన్న రోజుల్లో అతను ఘాటీ ఎక్కి నడిచి వచ్చేశాడు. ఊళ్ళో అడిగినవాళ్ళందరికీ, నాకు సదువు వొంటబట్టనేదు, అని ఒకటే జవాబు. నేను రెండు రోజులు వాళ్ళ వీధివైపు వెళ్ళలేదు. మూడో రోజు బడి జరుగుతుండగా నేస్తం ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని, చంకలో కోడిపెట్టతో, నెత్తి మీద చోళ్ళ మూటతో వచ్చి బడి ముందు నిలబడ్డాడు. నన్ను దులిపేయడానికి వచ్చాడనుకున్నాను. ఆయన మూట దించి, కోడిని నా కాళ్ళ దగ్గర పెట్టి, "గుంటడు నీ మాట పోగొట్టినాడు నేస్తం. మీ అక్క పెట్టిన కూడు దండగ సేసినాడు. నా మొకం సూసి ఒగ్గీ" అన్నాడు.

తప్పు కట్టడానికి వచ్చాడు. నా దగ్గరికి, ఆయన. పిల్లలు చూస్తున్నారు, పెద్దలు చూస్తున్నారు. తప్పు నీది కాదు నాది అని ఒక్క మాట అంటే అయిపోయేది, కాని ఆ మాట వెనకాల ఆ ఉత్తరమూ, దొడ్లో ఆకూ, వెండికంచమూ అన్నీ వరసగా బయటికి రావాలి. ఫరవాలేదులే నేస్తం అన్నాను. అని, ఆ కోడిని తీసుకున్నాను.

తప్పు తీరాలంటే నేస్తాలిద్దరూ మళ్ళీ ఒకే ఆకులో తినాలి. ఆ మధ్యాహ్నమే వాళ్ళింట్లో ఆ కోడిని వండారు. వడ్డించింది ఆ కుర్రాడే. వంగి నా ముందు కూర పెడుతూ, సాలునా మేష్టారూ, అని నెమ్మదిగా అడిగాడు. ఆ గొంతులో కోపం ఉంటే తిని ఉండేవాణ్ణి కాదేమో, ఏమీ లేదు. తిన్నాను. పెద్దలంతా సంతోషించారు.

మరుసటి ఏడాది నాకు మైదానానికి బదిలీ వచ్చింది. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, ఊళ్ళు మారడం, మనందరికీ అయినవే. నేస్తం పోయాడని ఎప్పుడో ఏడాది ఆలస్యంగా ఒక బండివాడి ద్వారా తెలిసింది. ఆయనకి ఏమీ తెలియకుండానే పోయాడు గదా అన్న ఒక నీచమైన నిశ్చింత మాత్రం నాకు మిగిలింది. ఆ నిశ్చింత మీదే నలభై ఏళ్ళు నిద్రపోయాను.

నాలుగేళ్ళ క్రితం, కొండల్లోంచి కొత్తగా వేసిన రైలు చూడాలని మా అబ్బాయి నన్ను అరకు తీసుకెళ్ళాడు. వాణ్ణి స్టేషను దగ్గర టీ తాగమని చెప్పి నేనొక్కణ్ణే ఆ ఊరికి నడిచాను. కుర్రాడు ఇప్పుడు తల పండిన పెద్దమనిషి, పొలం చేసుకుంటూ, ఆ చుట్టుపక్కలవాళ్ళ భూముల అర్జీలన్నీ తనే రాసిపెడుతున్నాడు. నన్ను గుర్తుపట్టి మంచం వాల్చాడు. చాలాసేపు పంటల గురించి మాట్లాడుకున్నాక, నాకు ధైర్యం చాలినంతవరకు కూడగట్టుకుని, ఆ రోజు మా అక్క ఇంటి సంగతి మీ నాన్నకి చెప్పనందుకు నీకు రుణపడి ఉన్నానయ్యా, అన్నాను.

అతను ఆశ్చర్యంగా చూశాడు. "అయ్యకి ఎరికే మేష్టారూ. ఒచ్చిన దినమే నాను మొత్తం సెప్పినాను" అన్నాడు. విన్న తండ్రి, తప్పు నేస్తానిదని తేలితే ఆయన ఊరి ముందు కట్టుకోవాలి, ఆయన కట్టుకోలేడు, సిగ్గుపడి కొండ దిగి పోతాడు, బడి మూతపడుతుంది, నేస్తం తెగుతుంది, అందుకని మనదే అందాం, అన్నాడట. తెల్లారి పెట్టల్లోకెల్లా మంచిదాన్ని తనే ఎంచి పట్టుకున్నాడట. ఇదంతా అతను నన్ను దెప్పాలని చెప్పలేదు, పాత సంగతి కాబట్టి చెప్పాడు.

ఇప్పుడు కొండల్లో రోడ్లున్నాయి, హైస్కూళ్ళున్నాయి, కొండ పిల్లలకి సర్కారు హాస్టళ్ళల్లో అందరికీ ఒకే బంతి. అతని మనవడు అప్పుడు మొదటి ఏడాది బి.ఏ. చదువుతున్నాడట, సీటు కోసం ఎవరి చుట్టాల గడపా తొక్కలేదట. చాలా మంచి మార్పు, మనస్ఫూర్తిగా అంటున్నాను. నేస్తం కట్టేవాళ్ళు మాత్రం ఇప్పుడు లేరని, ఆ పద్ధతే ఈ కాలం పిల్లలకి తెలియదని అతను చెప్పాడు. అదీ ఒకందుకు మంచిదేనేమో. ఏమీ ఎరగనివాడని నేను జాలిపడి ఆకు పంచుకున్న మనిషి, అన్నీ తెలిసి నా ఎదురుగా కూర్చుని, ఆ మధ్యాహ్నం కోడి ముక్కలన్నీ ఏరి నా వైపుకి తోశాడు. నేను అవీ తిన్నాను.